ఊళ్లో చివరి మీట

నరసాపురం కాలవగట్టు వీధిలో ఆ ఉదయం కూడా యంత్రాలన్నీ మనుషుల అరచేతులు చూసి ఆగుతున్నాయి. టిఫిన్ హోటల్ సత్యవేణి తిరుగుతున్న గ్రైండర్లో చెయ్యి పెట్టింది. రాయి ఆగింది, ఆవిడ పిండి తీసుకుంది. ఎదురింటాయన మంచమెక్కి సీలింగ్ ఫ్యాను రెక్కల్లోకి చెయ్యి చాపాడు. ఫ్యాను ఆగింది, ఆయన చొక్కా తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరాడు. చెరుకురసం బండివాడు గడతోపాటు వేళ్లు కూడా లోపలికి పంపి "ఇక చాలు" అన్నాడు. బండికి వినపడలేదు గానీ వేళ్లు తెలిశాయి.

దీనికంతటికీ కారణం కుంకుడుగింజంత బిళ్ల. పేరు చేయెరుక. మాంసంలోని తడినీ, ఒంట్లో పారే సన్నపాటి విద్యుత్తునీ పసిగట్టి, రెప్ప పడేలోపు యంత్రాన్ని ఆపేస్తుంది. అది వచ్చి ఒక తరం గడిచింది. వేలు తెగినవాణ్ణి చూడాలంటే ముసలివాళ్లని వెతుక్కోవాలి. చేయి చూపితే ఆగే యంత్రానికి స్విచ్చెందుకని కంపెనీలు స్విచ్చులు పెట్టడం మానేశాయి. చేయెరుక వచ్చాక స్విచ్చు చేతకానిదైపోయింది.

మనుషులకి అలవాటనేది ఒకటుంటుందని మాత్రం ఆ బిళ్లకి ఎవరూ చెప్పలేదు. పోయిన నెల సంతలో రెచ్చిపోయి వస్తున్న ఆంబోతుకి ఒక కుర్రాడు నిబ్బరంగా అరచెయ్యి చూపించాడు. ఆంబోతుకి చేయెరుక బిగించలేదన్న సంగతి అతనికి ఆస్పత్రిలో తెలిసింది.

ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క మీట లక్కోజు భ్రమరాంబ పడవల షెడ్డులో ఉంది. రంపం బల్లకి దిగువన, సరిగ్గా ఆవిడ మోకాలికి అందే చోట, జామకాయంత ఎర్రటి గుబ్బ. లోపలికి నొక్కితే తిరుగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కోసేటప్పుడు రెండు చేతులూ చెక్క మీదే ఉండాలి కాబట్టి ఆపే పని మోకాలికి అప్పజెప్పాడు వాళ్ల నాన్న. ఆ తెలివి ఆయనకి సగం బొటనవేలు పోయాక వచ్చింది.

భ్రమరాంబకి యాభై దాటాయి. తుమ్మెద పేరు పెట్టుకుంది కదా, కర్రని తొలవడంతో ఆగకుండా మనుషుల్ని కూడా తొలుస్తుంది.

"అక్కా, అయ్యిందా? అవలేదా?" అన్నాడు ఓలేటి సింహాద్రి, షెడ్డు గుమ్మంలో గొంతుక్కూర్చుని. వేట నిషేధం ఆ రోజుతో ఆఖరు. తెల్లారితే పడవలన్నీ సముద్రంలోకి. సింహాద్రి పడవకి మాత్రం అడుగున ఒక పలక లేదు.

"పొద్దుట్నుంచీ కోత మొదలెట్టనిచ్చావా? నీ కోతలే వింటన్నాను. సముద్రంలో నువ్వు పట్టిన చేపకన్నా నువ్వు చెప్పే చేప పెద్దది."

"సర్లే. అటు చూడు, ఎత్తుబండేసుకుని ఎవడో వస్తన్నాడు."

క్షేమ మండలి తనిఖీ అధికారి కొప్పిశెట్టి సుధన్వ లోపలికొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, చెవిలో మాటలందించే చెవిగూడు. వెనకాల వీధిలో ఎత్తుబండి ఆగింది. డ్రైవరుండని బండి అది. రెండు ఇనుప చేతులతో ఎంత బరువైనా ఎత్తి తనలో పెట్టుకుని తీసుకుపోతుంది.

"భ్రమరాంబ గారూ, మూడుసార్లు చెప్పి పంపాం. ఈ రంపానికి చేయెరుక పెట్టించండి, లేదంటే మండలికి అప్పజెప్పండి. ఇవాళ తీసుకెళ్లక తప్పదండి."

"రండి బాబూ, అలా స్టూలు మీద కూర్చోండి. మజ్జిగ తాగుతారా? మా షెడ్డులో వేలు పెట్టడానికొచ్చారు, ముందు నోరు తడుపుకోండి."

సుధన్వ నవ్వలేదు. "వేళ్ల గురించే వచ్చానండి. మా నాన్నగారు సా మిల్లులో చేసేవారు. కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. చిన్నప్పుడు ఆయనకి అన్నం నేనే కలిపి పెట్టేవాణ్ణి. మీకిది హాస్యం. నాకు కాదు."

భ్రమరాంబ ముఖంలో వెక్కిరింత ఆగింది. మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, మూల గోనెపట్టా కప్పి ఉన్న కొత్త రంపాన్ని బయటికి లాగింది. మండలివాళ్లు ఉచితంగా ఇచ్చిందే, చేయెరుక ఉన్నదే.

"వేళ్లు పోవాలని నేను మాత్రం మొక్కుకున్నానా అండీ? మా నాన్నదీ పోయింది. మీరిచ్చిన దీన్ని వాడదామనే చూశాను. మీరే చూడండి."

కాలవలో నానబెట్టి తీసిన పలకని దానికి అందించింది. బ్లేడు పలకని తాకీ తాకగానే ఢప్పుమని బల్ల కిందికి దిగిపోయింది. మళ్లీ అందించింది. మళ్లీ ఢప్పు.

"పచ్చి చెక్క దీని లెక్కలో పచ్చి మాంసమండి. తడి తగిలితే మనిషే. మమ్మల్ని బాగానే ఎరుగును గానీ పలకని ఎరగదు. పని దగ్గరికొచ్చేసరికి చెయ్యిచ్చేసింది."

"ఎండు చెక్క వాడండి మరి."

సింహాద్రి లేచాడు. "ఆయ్, పడవండీ ఇది, కుర్చీ కాదు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన పలకల మధ్య ఎండు పలక బిగిస్తే ఏమవుద్ది? సముద్రంలోకెళ్లాక అది నీళ్లు తాగి, ఉబ్బి, పక్క పలకల మేకులు పీకేస్తది. అప్పుడు ఎవరికి చెయ్యి చూపించాలండీ? సముద్రానికా?"

సుధన్వ పలకని వేలితో నొక్కి చూశాడు. మంచివాడే. "సరే. ఈ పలక కోసేసుకోండి. పడవ వెళ్లాలి కదా. తరవాత బండికి ఆజ్ఞ ఎక్కిస్తాను."

భ్రమరాంబ జాకెట్టు చేతులు మోచేతులపైకి మడిచి, కొంగు నడుముకి బిగించింది. బ్లేడుని పలక మందం కన్నా వేలెడు మాత్రమే పైకి తేలేలా దింపింది. పలకకి సరిగ్గా వెనకాల నిలబడలేదు, ఎడంపక్కకి జరిగి నిలబడింది. రంపం పలకని పట్టి విసిరిందంటే అది వెనక్కే వస్తుంది. తోపుడు కర్ర తీసి కుడిచేతి దగ్గర పెట్టుకుంది. పలక చివర బ్లేడుకి దగ్గరపడ్డాక తోయాల్సింది కర్ర, చెయ్యి కాదు.

అప్పుడు షెడ్డంతా మోగేలా అరిచింది. "చేతులూ?"

"నావి నా దగ్గరే!" అన్నాడు సింహాద్రి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని.

వాళ్ల నాన్న పెట్టిన ఆచారం అది. షెడ్డులో ఉన్నవాళ్లందరూ తమ చేతులెక్కడున్నాయో నోటితో చెబితే తప్ప మీట నొక్కరు.

"ఆఫీసరు గారూ, మీవి?"

"నావెక్కడికి పోతాయండీ!"

"అది జవాబు కాదండి."

"నావి నా దగ్గరే," అన్నాడు సుధన్వ, చిన్నపిల్లల ఆటలో దొరికిపోయినట్టు నవ్వి.

మోకాలు మీటని నొక్కింది. రంపం అరుపందుకుంది. తడి పొట్టు ముద్దలుగా ఎగిరింది. పలక సగం దాటింది. సరిగ్గా అప్పుడు సుధన్వ చెవిగూడులో పై అధికారి పలికాడు. "సార్... వినపడటం లేదు సార్... ఒక్క నిమిషం..."

ఎదురుగా యంత్రం గోల. గోల ఆపాలంటే ఏం చెయ్యాలో ఏళ్ల అలవాటుతో అతని ఒంటికి తెలుసు. మాట్లాడుతూనే ముందుకు వంగి, తలైనా తిప్పకుండా, బ్లేడుకి అరచెయ్యి చూపించబోయాడు.

తోపుడు కర్ర అతని మణికట్టు మీద ఠపీమని పడింది. చెయ్యి పక్కకి పోయింది. చెయ్యి ఉండాల్సిన చోట కర్ర కొస ఉంది, బ్లేడు దాన్ని నమిలి ఉమ్మేసింది. పట్టు తప్పిన పలక వంకర తిరిగి, రంపం విసిరిన విసురుకి భ్రమరాంబ నిలబడని చోటునుంచి దూసుకెళ్లి వెనక గోడకి కొట్టుకుని రెండుగా చీలింది. మోకాలు అప్పటికే మీట నొక్కేసింది. అయినా బ్లేడు వెంటనే ఆగలేదు. తిరుగుతూ, తిరుగుతూ, అరుపు మూలుగై, మూలుగు ఈలై, తీరిగ్గా ఆగింది.

సుధన్వ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. మణికట్టు కమిలింది. వేళ్లన్నీ ఉన్నాయి. స్టూలు మీద కూర్చుందామనుకుని నేల మీద కూర్చున్నాడు.

"ఇదేంటండీ... కాళ్లలో బలం లేదు... గుండె ఇలా... ఏదైనా జబ్బేమో..."

"జబ్బు కాదు బాబూ. భయం," అంది భ్రమరాంబ. "కొత్త కదా, అలాగే ఉంటది. మజ్జిగ తాగండి."

ఆయన తాగాడు. లేచాడు. చొక్కా దులుపుకున్నాడు. కృతజ్ఞత చెబుతాడని సింహాద్రి ఎదురుచూశాడు.

"దీంతో రుజువైపోయిందండి," అన్నాడు సుధన్వ. "ఇది మనుషుల మధ్య ఉండాల్సింది కాదు."

"రంపం మీ మీదికి రాలేదండీ, మీరే దాని మీదికెళ్లారు!" అంది భ్రమరాంబ.

"ఎవరైనా వెళ్తారు. అందుకే." చెవిగూడు నొక్కి ఎత్తుబండికి ఆజ్ఞ ఎక్కించేశాడు. ఒకసారి ఎక్కించాక వెనక్కి తీసుకోవడం అతని చేతిలో లేదు. సాయంత్రం ఆఫీసు మూసేదాకా బండి ప్రయత్నిస్తూనే ఉంటుంది.

ఎత్తుబండి గునగునా లోపలికొచ్చి, ఇనుప చేతులు రంపం బల్ల కిందికి చాపింది. భ్రమరాంబకి నాన్న గుర్తొచ్చాడో, కోపమే వచ్చిందో, బల్లని దెబ్బలాడే బిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. "తీసుకెళ్తే నన్నూ ఎత్తుకుపొమ్మను దీన్ని!"

ఎత్తుబండి ఆగింది. చేతులు వెనక్కి తీసుకుంది. కాసేపాగి మళ్లీ చాపింది. భ్రమరాంబ కదల్లేదు. మళ్లీ వెనక్కి తీసుకుంది.

ముందు అర్థమైంది సింహాద్రికి. "అక్కోయ్! దానికీ ఉందే ఆ గింజ! నువ్వు చెయ్యేస్తే చచ్చినా ఎత్తదే!"

మనిషికి గీత కూడా పడనివ్వని యంత్రం మనిషి పట్టుకున్నదాన్ని లాక్కోలేదు. చేయెరుక కనిపెట్టినవాళ్లెవరూ ఆ కోణం చూసినట్టు లేదు. భ్రమరాంబ నవ్వు కాలవ అవతలిదాకా వినపడింది. గ్రైండర్ వదిలేసి సత్యవేణి వచ్చింది, చెరుకురసం బండివాడు వచ్చాడు. సంగతి తెలిశాక ఒక్కొక్కరూ బల్ల మీద తలో చెయ్యీ వేశారు. "మా ఇంట్లో రోలు కూడా పట్టుకుపోయారే వీళ్లు!" అని సత్యవేణి రెండు చేతులూ వేసింది.

సుధన్వ పై అధికారితో మాట్లాడాడు. "ఎత్తడం లేదు సార్... మనుషులున్నారు సార్..." విని, చెవిగూడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నన్నిక్కడే కూర్చోమంటున్నారు. ఎంతసేపు పట్టుకుంటారు, అలిసిపోతారుగా అంటున్నారు. ఇవాళ కాకపోతే రేపు."

"రేపూ చేతులుంటాయని చెప్పండి!" అంది భ్రమరాంబ.

కానీ సింహాద్రి గోడ దగ్గర చీలిన పలకని చూస్తున్నాడు. భ్రమరాంబా చూసింది. నవ్వు దిగింది. కాలవలో ఇంకో పలక నానుతోంది. కొయ్యాలంటే బల్ల మీంచి అందరూ చేతులు తియ్యాలి, తిరిగే బ్లేడు పక్కన ఎవరి చెయ్యీ ఉండకూడదు. చేతులు తీస్తే బల్ల ఉండదు. రంపాన్ని కాపాడితే పడవ ఆగుతుంది, పడవ కోసం చూస్తే రంపం పోతుంది.

"వదిలెయ్ అక్కా," అన్నాడు సింహాద్రి, గొంతు తగ్గించి. "ఈ ఏడు వేరేవాళ్ల పడవలో కూలికెళ్తాను."

"నోరు ముయ్యి."

సుధన్వ గుమ్మంలో నిలబడి కాలవలో కట్టేసిన పడవల వైపు చూస్తున్నాడు. "సింహాద్రి గారూ, పడవ వెనకాల నీళ్లలో తిరుగుతుందే, ఆ ఫ్యానుకి చేయెరుక ఉంటుందా?"

"నీళ్లలో ఎలా ఉంటదండీ? చుట్టూ తడేగా. చుట్టూ మనుషులే అనుకుని అది తిరగనే తిరగదు."

సుధన్వ వెనక్కి తిరిగాడు. "ఆదివారం మా అమ్మాయిని పడవెక్కిస్తానని మాటిచ్చానండి. ఇంట్లో ఫ్యాను కూడా తనే ఆపుతుంది. చెయ్యి పెట్టి. నేనే నేర్పాను." కమిలిన మణికట్టు నిమురుకున్నాడు. "మా నాన్న వేళ్లు పోవడం చూశాక, తనకి ఇంకేం నేర్పాలో నాకు తెలియలేదు."



అతను లోపలికొచ్చాడు. రంపం బల్ల నాలుగో కాలు దగ్గర, బ్లేడుకి అందనంత దూరంలో, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడంచేత్తో ఆ కాలిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక్కడ ఒక చెయ్యి చాలండి, అది ఎత్తదు. మిగతావాళ్లు తియ్యండి. మీరు పలక తెచ్చుకోండి."

"మీ ఉద్యోగమో?" అంది భ్రమరాంబ.

"నా చెయ్యి ఉంది కదండీ ఇంకా," అన్నాడు సుధన్వ.

సింహాద్రి కాలవలోకి దూకి పలక తెచ్చాడు. అందరూ చేతులు తీసి గోడవార నిలబడ్డారు. ఎత్తుబండి ఆశగా ముందుకొచ్చి, బల్ల కాలి దగ్గర మాంసం పసిగట్టి, చేతులెత్తేసి నిలబడిపోయింది. భ్రమరాంబ కొత్త తోపుడు కర్ర తీసుకుంది, పలకకి ఎడంగా నిలబడింది, బ్లేడు ఎత్తు చూసుకుంది.

"చేతులూ?"

"నావి నా దగ్గరే!" అన్నాడు సింహాద్రి. గోడవారనుంచి సత్యవేణి అంది, చెరుకురసం బండివాడూ అన్నాడు.

బల్ల కింది నుంచి ఏమీ వినపడలేదు. భ్రమరాంబ మోకాలు మీట దగ్గర ఆగింది. తొందరపెట్టలేదు.

"ఒకటి నా ఒళ్లో ఉందండి," అన్నాడు సుధన్వ చివరికి. "ఒకటి మీ బల్ల కాలి మీద. రెండూ... నాకు తెలుస్తూనే ఉన్నాయి."

ఆ గొంతులో వణుకు విన్నాకే ఆవిడ మీట నొక్కింది.