కడగని చేతులు

నరసరావుపేట దాటాక ఉన్న ఆ యూనివర్సిటీలో కిటికీ లేని గది అదొక్కటే. బయట ఎండ మండిపోతున్నా, తలుపేస్తే లోపల కన్ను పొడుచుకున్నా కానరాదు. పురుగుమందుల కంపెనీ తన పరిశోధనను యూనివర్సిటీకి అప్పజెప్పినప్పట్నుంచీ షెర్లీ పీహెచ్‌డీ ఆ గదిలోనే సాగుతోంది. కొత్త మందు కూలీల ఒంటిమీద ఎంత పడుతుందో తేల్చాలి. మందులో ఒక పొడి కలుపుతారు. అది అంటిన చోటల్లా నీలి దీపం కింద పచ్చగా వెలుగుతుంది.

వరండాలో కంపెనీ మనిషి సుధీర్ బాబు కాలు ఊపుతూ కూర్చున్నాడు.

“ఏమ్మా షెర్లీ, రిపోర్టులోంచి ఆ లీలావతిని తీసేసి సంతకం పెట్టు. ఆమె స్ప్రేయరు ముట్టిందా ఏంది? నీళ్లు మోసే మనిషి.”

“డ్రమ్ములో మందు చేత్తో కలిపింది సార్. మోచేతి దాకా.”

“కర్రతో కలపమన్నాంగా! సంతకం లేకపోతే ప్రాజెక్టు లేదు, నీ ఫెలోషిప్పూ లేదు. చదువుకున్నదానివి, ఇంకేం చెప్పాలి?”

మాచవరం మిరపచేలో లీలావతి “చేతులు కడుక్కోనా పాపా?” అంటే, “ఆగు పిన్నీ, ముందు ఫోటో తియ్యాలి” అన్నది షెర్లీయే. నీలి దీపానికి తెచ్చిన జనరేటర్ మొరాయించింది. ఆ గోలలో మర్చిపోయింది. లీలావతి చేతులు ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా గట్టుమీద కూర్చుంది. ఆ రాత్రే వాంతులు. తెల్లారేసరికి లేదు.

సాక్ష్యంగా గదిలో దాచిన ఆమె రవిక ఒక్కటి పారేస్తే చాలు, పని అయిపోతుంది. షెర్లీ గదిలోకెళ్లి తలుపేసింది. దీపం వేసింది.

రవికమీద ఒక్క చుక్కయినా వెలగలేదు. మొన్న ఇదే దీపం కింద రవిక చేతులు రెండూ పచ్చగా వెలిగాయి కదా...

గుప్పున మందు వాసన. దానికింద చెమట, పచ్చిమిరప ఘాటు. తడిచెయ్యేదో బల్లను రాస్తున్న చప్పుడు.

దీపం తిప్పింది. బల్ల అంచున పచ్చటి అరచెయ్యి. ఇంకొకటి, ఇటుగా. ఇంకొకటి... ఇంకా ఇటుగా...

“కడుక్కోనా... పాపా...”

చెవి పక్కనే.

“కడుక్కో పిన్నీ... నిన్ను తియ్యను.”

మూలనున్న కొళాయి దానంతటదే కిర్రుమని తిరిగింది. చుక్క రాలేదు.

షెర్లీ తలుపు తోసుకుని బయటపడింది. “పెట్టను సార్. లీలావతి రిపోర్టులో ఉంటది.”

“ఫోటో కోసం ఆపింది ఎవరో కూడా రాస్తావా మరి?”

“రాస్తాను. నా పేరుతోనే.”

సుధీర్ బాబు ముఖం మాడింది. విసురుగా గది చీకట్లోకి దూరి, బల్లమీది రవిక లాక్కున్నాడు. వెనకే నిలబడ్డ షెర్లీకి దీపం వెలుగులో ఆయన తెల్లచొక్కా నీలంగా కనిపించింది. వీపున, పచ్చగా ఒక అరచెయ్యి.

ఆయన చూసుకోలేదు. గొణుక్కుంటూ మెట్లు దిగాడు. సరిగ్గా ఆ చోట చొక్కా, ఎవరో పిడికిట పట్టుకుని వెంట నడుస్తున్నట్టు, ముడతపడి లాగుతూనే ఉంది.

కుడిచెయ్యి. అదొక్కటే.

రెండోది ఎక్కడుందో చూడాలంటే దీపం తనవైపు తిప్పుకోవాలి.

షెర్లీ తిప్పలేదు.