మేడమ్ ఎదురొచ్చిన రోజు

మంచుకొండ రోడ్‌లైన్స్‌కి ప్రసన్న మేనేజరైన మొదటి రోజు పొద్దున్నే, డుంబ్రిగుడ షెడ్డులో ఉన్న లారీలన్నిటికీ ఒకేసారి జబ్బు చేసింది.

ఒకదానికి టైరులో గాలి తగ్గింది. ఒకదానికి హారన్ గొంతు పట్టేసింది. తన బండికి ఏ రోగమూ తోచక, అందరిలోకీ పెద్ద డ్రైవరు వరహాలరావు తన కడుపే పట్టుకుని కూర్చున్నాడు.

గేటు దగ్గర ప్రసన్న ట్రిప్ షీట్లతో నిలబడి ఉంది. నిన్నటిదాకా లోపలి గదిలో బుకింగ్ రసీదులు రాసుకున్న మనిషి. ఓనరు లక్ష్మీప్రసాద్ గుండె ఆపరేషనయ్యాక విజయనగరంలో కూతురి దగ్గర ఉండిపోతూ, "ఇక మీదట ప్రసన్న మాటే నా మాట" అని స్పీకర్ ఫోనులో అందరికీ వినిపించాడు. అందరూ "అలాగే బాబూ" అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కడూ ఇప్పుడు బండి కదపడం లేదు.

ఇంతలో ప్రసన్న ఫోను చెవికి పెట్టుకుంది. "హలో... ఆఁ, చెప్పండి" అంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అంతే. ధర్మాసుపత్రి పెద్ద డాక్టరు వచ్చినా జబ్బులు అంత తొందరగా నయం కావు. గాలి నిండింది, హారన్ గొంతు విప్పింది. కడుపునొప్పి వరహాలరావు అందరికన్నా ముందు గేటు దాటాడు.

ఒక్క ధర్మతేజ మిగిలాడు.

ధర్మతేజ కొత్తగా చేరిన డ్రైవరు. చోడవరం వైపు కుర్రాడు. తన లారీ అనంతగిరి ఘాట్‌లో ఎంత జోరుగా మలుపు తిరుగుతుందంటే, ముందు లైటు వెళ్ళి వెనక నంబరు ప్లేటు చదివి వస్తుందని చెప్పుకునేవాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు.

ప్రసన్న బయటికి వచ్చి, ఖాళీ షెడ్డునీ, మిగిలిన ఒక్క లారీనీ చూసింది.

"మీరు వెళ్ళలేదేం?"

మంచి మాట చెప్పి మార్కులు కొట్టేయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. మీ మీద గౌరవం మేడమ్ అనొచ్చు. కానీ ఆ కళ్ళు చూశాక వాడి నోట్లో అబద్ధం పుట్టలేదు.

"సెల్ఫ్ ఎత్తుకోడం నేదు మేడమ్."

ప్రసన్న నవ్వింది. నవ్వి, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న వస్తువులా ఆ నవ్వును వెంటనే తిరిగిచ్చేసింది. కలాసీలను కేకేసి, తను కూడా వెనక్కి వెళ్ళి, తొయ్యబోతూ ఆగింది.

"నేను ముట్టుకుంటే పరవాలేదా?"

"మసంటుకుంటాది మేడమ్. మీ డ్రస్సు తెల్లగుంది."

ఆమె వాడిని వింతగా చూసింది. ఏమిటో అంత వింత, ధర్మతేజకి అర్థం కాలేదు.

అర్థమైంది అనంతగిరి టీ కొట్టు దగ్గర.

"మావా, కడుపునొప్పి తగ్గిందేటి?" అని వరహాలరావును అడిగాడు.

"నీ నోటి నొప్పి తగ్గితే నాదీ తగ్గిపోద్ది. టీ తాగు."

"ఆడమనిసి పెత్తనం సేస్తే అంత కట్టమేటి మీకు?"

"పెత్తనం సెయ్యనీరా! ఆ గుంట పని ఓనరు కంటే నయం. మనం బండి తీసినప్పుడు గేటు కాడ నిలబడకపోతే సాలు." వరహాలరావు గ్లాసు దించాడు. "హరీషని డ్రైవరుండీవోడు. ఆవిడ మొగుడు. రెండేళ్ళ కిందట వానల్లో ఈ ఘాట్‌లోనే బ్రేకు పడక లోయలోకి పోనాడు. ఈ బుజం మీదే మోసినాను. మొగుడు పోయిన మనిసి ఎదురొస్తే, బండెక్కీవోడి గుండె జారదేట్రా?"

ముంచింగిపుట్టు నుంచి వచ్చిన డ్రైవరు బుధు పక్కనే బన్ను నములుతున్నాడు. "మా కాడ మొగుడు పోతే ఆడమనిసి మళ్ళీ మనువాడతాది. ఎదురొస్తే మేవు పలకరిస్తాం."

"మరి పొద్దున్న నువ్వెందుకు టైరు తన్నుకుంటా కూకున్నావు?"

"అందరూ కూకున్నారని," అన్నాడు బుధు.

ధర్మతేజ టీ చల్లారిపోయింది.

ఆ రోజునుంచీ రోజూ అదే తంతు. బండ్లు తీసే వేళకి సరిగ్గా ప్రసన్నకి ఫోను వచ్చేది. "హలో... ఆఁ, చెప్పండి" అని లోపలికి వెళ్ళేది. లారీలు వెళ్ళిపోయేవి.

"లవరేట్రా. టైము తప్పకుండా సేత్తన్నాడు," అన్నాడొకడు.

ఆ మాట ధర్మతేజకి పచ్చిమిరపకాయలా తగిలింది. ఆ ఫోనువాడెవడో ఘాట్ పొడుగునా ఆలోచించాడు. బ్యాంకువాడా? మాస్టారా? ఒక మలుపులో వాడికి మీసాలు పెట్టాడు, ఇంకో మలుపులో తీసేశాడు. గాలికొండ చేరేసరికి వాడికి బట్టతల వచ్చేది. అయినా కడుపుమంట తగ్గేది కాదు.

తరువాత శ్రావణం వాన పట్టుకుంది. ఆ కొండల్లో వాన కురవదు, కాపురముంటుంది. ఇంటి చూరులోంచి వచ్చి మంచం మీద కూర్చుని, కాఫీ ఉందా అని అడుగుతుంది. ఆ వానకి కొండమీది టవరు పడుకుంది. ఊళ్ళో ఫోన్లన్నీ అగ్గిపెట్టెల పాటి కూడా పనికిరాకుండా పోయాయి.

ఆ మర్నాడు పొద్దున్న కూడా ప్రసన్న ఫోను చెవికి పెట్టుకుంది. "హలో... ఆఁ, చెప్పండి" అంటూ లోపలికి వెళ్ళింది.

ధర్మతేజ లారీ దిగి, వెనకాలే వెళ్ళి తలుపు తోశాడు.

ప్రసన్న గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోనుంది. మాట లేదు. బయట ఒక్కో లారీ గేటు దాటిన చప్పుడు వినిపించినప్పుడల్లా, ఖాళీ చేతిలో ఒక్కో వేలు మడుస్తోంది. చిటికెన వేలు ఒక్కటీ మిగిలింది. అది తన బండిదని వాడికి తెలిసింది.

"టవరు నేదు మేడమ్."

ఆమె ఉలిక్కిపడి ఫోను దించింది.

"మొదటి రోజు కూడా ఫోను రానేదా?"

"రాలేదు." ఫోను బల్ల మీద పెట్టింది. "నేనక్కడుంటే వాళ్ళు కదల్లేరు తేజగారూ. లోపలికి పొమ్మని అనలేరు, మంచివాళ్ళు. నా అంతట నేనే వచ్చేస్తే ఎవరికీ బాధుండదు కదా."

"నేను ఆ ఫోనోణ్ణి ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా మీకు? వాడికి బట్టతల కూడా పెట్టీసినాను."

ప్రసన్న పకాలున నవ్వింది. ఈసారి తిరిగివ్వలేదు. "మీకెందుకు అంత కోపం?"

వాన రేకుల మీద దడదడమంది. ధర్మతేజ దానికన్నా గట్టిగా చెప్పవలసి వచ్చింది.

"రేపు నా బండికి ఎదురు రండి."

నవ్వు ఆగిపోయింది. "డ్రైవరుకి ఎదురు ఎవరొస్తారో తెలుసా?"

"తెలుసు. మా అమ్మ మా నాన్నకి ఒచ్చీది. సెంబుతో నీళ్ళట్టుకుని."

"తెలిసే అడుగుతున్నారా?"

"తెలిసే."

ప్రసన్న కిటికీలోంచి గేటు వైపు చూసింది. "ఆ రోజు నేను ఎదురెళ్ళాను. చేతినిండా గాజులు, తలనిండా కనకాంబరాలు. నవ్వుకుంటూ వెళ్ళాను. హరీష్ చెయ్యూపాడు. సాయంత్రానికి..." కిటికీ రెక్క మూసింది. "మొగుడు పోయినదాన్నని వాళ్ళు భయపడుతున్నారు. నా భయం అది కాదు. నేను ఎదురొస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు."

ప్రపంచంలో ఉన్న కోతలన్నీ కోసిన నోటితో వాడు "మేడమ్" అని మాత్రం అన్నాడు.

"ఓనరుగారికి చెప్పేశాను, వరహాలు మావయ్యని మేనేజర్ని చెయ్యమని. ఈ నెల వెళ్ళగానే అత్తమ్మని తీసుకుని శృంగవరపుకోట వెళ్ళిపోతాను. మీరింక బండి తియ్యండి."

ధర్మతేజ ఆ రోజు బండి తీశాడు. మర్నాడు తియ్యలేదు. తీసుకెళ్ళి గేటుకి అడ్డంగా పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, స్టీరింగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

వెనక హారన్లన్నీ ఒక్కసారి లేచాయి.

"ఒరే గుంటడా! బండి తియ్యరా!" వరహాలరావు కేక.

"మేడమ్ ఎదురొస్తే తీస్తాను మావా."

"నీకేటి పిచ్చా?"

ప్రసన్న విసురుగా వచ్చింది. "ఇది మీ ఇంటి గేటనుకున్నారా? బండి తియ్యండి. ఇది మేనేజరు ఆర్డరు."

"పక్కనుంచి ఇస్తే నాకు ఇనబడదు మేడమ్. ఎదురుగా నిలబడి ఇయ్యండి."

"తేజగారూ, దండం పెడతాను. నన్ను చంపకండి."

ఆ గొంతు విని ధర్మతేజ చెయ్యి తాళంచెవి మీదికి వెళ్ళింది. తప్పు చేశాననుకున్నాడు. తీసేవాడే.

కానీ అప్పటికే షెడ్డు వెనక గదిలోంచి యర్రమ్మ వస్తోంది. హరీష్ తల్లి. నెత్తిమీద గోనెసంచి కప్పుకుని, బురదలో ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చి, నేరుగా వరహాలరావు బండి ముందు నిలబడింది.

"ఏట్రా వరహాలూ, నా కోడలంటే బయ్యమేట్రా నీకు?"

"అది కాదప్పా..."

"నా కొడుక్కి ముత్తైదువే ఎదురొచ్చినాది. నువ్వూ సూసినావు. మంచి సెకునం అన్నావు. మరి నా కొడుకేడ్రా?"

హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వరహాలరావు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

యర్రమ్మ కోడలి వైపు తిరిగింది. "వోడు బ్రేకు పడక పోనాడే అమ్మా. నువ్వు ఎదురొచ్చి పోనేదు. ఈ రెండేళ్ళూ నా మొకం సూడకుండా అన్నం పెడుతున్నావు. ఎందుకో నాకు తెల్దనుకున్నావేటి? నాను అడగనేదు. ఇయ్యాల అడుగుతున్నాను. ఎల్లు."

"అత్తమ్మా, ఆయన అడుగుతున్నది ఉత్త ఎదురు రావడం కాదు..."

"నా సెవులు బాగానే ఉన్నాయి. ఏటడిగినాడో తెలిసే ఎల్లమంతన్నాను."

తొట్టెలోంచి స్టీలు చెంబుతో నీళ్ళు ముంచి, ఆవిడే కోడలి చేతుల్లో పెట్టింది.

ప్రసన్న నడిచింది. చెంబులో నీళ్ళు తొణికి ఆమె పాదాల మీదే పడుతున్నాయి. లారీ ముందుకు వచ్చి నిలబడి, ధర్మతేజ ముఖం వైపు చూడలేక, చక్రాల వైపు చూసింది. తరువాత పక్కకు తప్పుకుంది.

ధర్మతేజ బండి తీశాడు.

ఆ రోజు ఘాట్‌లో ఆ లారీని ఆటోలు దాటిపోయాయి. స్కూటీలు దాటిపోయాయి. నెత్తిమీద పనసకాయ పెట్టుకుని నడిచిపోతున్న ముసలమ్మ ఒకావిడ కూడా దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసిందట. ధర్మతేజ లెక్కచెయ్యలేదు. జీవితంలో మొదటిసారి వాడికి ప్రాణభయం పట్టుకుంది. తను పోతే పోయేది ఒక్కడు కాదు. ఇక ఆమె ఎప్పటికీ ఆ గదిలోంచి బయటికి రాదు.

అద్దంలో చూస్తే వెనకాలే వరహాలరావు బండి. దాటడం లేదు, హారన్ కొట్టడం లేదు.

లోడు దింపి తిరిగి ఘాట్ ఎక్కేటప్పుడు అనంతగిరి పైన కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. మట్టీ, రాళ్ళూ, వేళ్ళతో సహా ఒక చెట్టూ. జేసీబీ వచ్చేదాకా కదిలేది లేదన్నారు. ఫోనులో ఒక్క సిగ్నలు గీత కూడా లేదు.

తిరిగొచ్చే వేళ దాటింది. ధర్మతేజ చెప్పులు బిగించాడు. "మావా, నేను మట్టి దాటి అటుపక్క ఎవడి బండైనా ఎక్కి ఎల్లిపోతాను. పాపం, గేటు కాడే నిలబడుంటాది."

వరహాలరావు వాడి చొక్కా పట్టుకుని లాగాడు. "లారీ నేకుండా ఎల్తావేట్రా? హరీషు పోయిన దినం నాను కాలినడకనే ఎల్లినాను. ఏటీ సెప్పక్కర్లేకపోయింది. బండి నేకుండా గేటు కాడ నన్ను సూసి, అక్కడే కూలబడిపోనాది. నీకు బుద్ధుంటే బండితో ఎల్లు. ఎంతసేపైనా బండితోనే ఎల్లు."

ఇద్దరూ టైరు మీద పక్కపక్కన కూర్చున్నారు. విరిగిపడ్డ మట్టి వైపు చూస్తూ ముసలాయన అన్నాడు, "మేవేరా ఆ గుంటని గదిలోకి తోసింది. తలుపు మాత్రం తనే ఏసుకుంది."

జేసీబీ వచ్చి దారి చేశాక, దీపాలు పెట్టే వేళకి లారీలు డుంబ్రిగుడ చేరాయి. ధర్మతేజ బండి ముందు, వరహాలరావు బండి వెనక.

ప్రసన్న గేటు మధ్యలో నిలబడి ఉంది. లైటు ముఖం మీద పడినా తప్పుకోలేదు. వాడు బండి ఆపి దిగాడు. ఆమె వాడి దగ్గరికి రాలేదు. లారీ ముందు రేకు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. అప్పుడు ఏడ్చింది. హరీష్ పేరు పిలుస్తూ ఏడ్చింది. రెండేళ్ళ కిందట కూలబడినప్పుడు కూడా రాని ఏడుపు అది.

ధర్మతేజ ఓదార్చలేదు. పక్కన నిలబడ్డాడు, వానలో. ఆ ఏడుపు తనది కాదని వాడికి తెలుసు. అది అయ్యేదాకా ఉండడమే తన పని అనుకున్నాడు.

కొంతసేపటికి ప్రసన్న చున్నీతో ముఖం తుడుచుకుంది.

"రేపు కూడా నాకు భయమేస్తుంది."

"ఎయ్యనీండి. నేనూ బయపడుతూనే ఎల్తాను."

"మెల్లగా వెళ్తావా?"

ఆ 'వు' కోసం వాడు ఘాట్ అంతా వెనక్కి నడిపి మళ్ళీ వచ్చేవాడే. తలూపాడు.

"పొద్దున్ననగా తిన్నావు. రా, అన్నం పెడతాను." ప్రసన్న లోపలికి నడిచింది. ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. కలాసీలు చెదిరిపోయారు. వరహాలరావు గేటు వెయ్యబోతూ ఆగిపోయాడు.

యర్రమ్మ గోనెసంచి కప్పుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంది. రోడ్డు వైపు, మలుపు దాకా చూస్తోంది.

"బళ్ళన్నీ ఒచ్చీసినాయి మామ్మా," అన్నాడు బుధు.

"తెలుసురా," అంది యర్రమ్మ. అటే చూస్తూ ఉంది.