ఒకే ఒరలో రెండు సర్వర్లు

"గోంగూర ఫ్రెష్‌గా ఉందా?"

"ఫ్రోజన్ మాత్రమే ఉంది. చిన్న ప్యాకెట్."

కోడ్ కుదిరింది. చాండ్లర్‌లో ఇండియన్ స్టోర్ వెనక నిలబెట్టిన వ్యాన్ తలుపు తెరుచుకుంది. ఏజెంట్ కృష్ణమోహన్ లోపలికి దూరాడు. 2009 జూన్ నెల, శనివారం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

చీఫ్ రత్నం మేడమ్‌కి పలకరింపులు అలవాటు లేదు. నేరుగా విషయంలోకి దిగింది.

"సాగువారో సిస్టమ్స్. మన ఫీల్డ్ ఏజెంట్ల శాటిలైట్ ఫోన్లన్నీ నడిపే మేనేజ్‌మెంట్ సర్వర్ వాళ్ల ఆఫీస్‌లోనే ఉంది. ఏడేళ్ల పాత పెట్టె. ఇవాళ అప్‌గ్రేడ్. అందులో ఉన్నదంతా యథాతథంగా కాపీ చేసి, ఇరవై మైళ్ల అవతల ఫీనిక్స్ డేటా సెంటర్‌లో వర్చువల్ మెషిన్‌గా లేపుతారు. పాత పెట్టెను ఆపేస్తారు."

"అంటే ప్రాణం అదే, ఒళ్లు మాత్రం మారుతుంది."

"ఆ మారే సందులో ఊసరవెల్లి ముఠా ఏజెంట్ల లిస్ట్ కొట్టేయబోతోంది. పంతొమ్మిది మంది పేర్లు, ఎవరెక్కడున్నారో అన్నీ. అందులో జయంతి కూడా ఉంది."

జయంతికి తుపాకీ పట్టడం నేర్పింది కృష్ణమోహనే. నాకొద్దు మొర్రో అంటున్నా వినకుండా ఒక పరాయి రేవుపట్నానికి పంపిందీ అతనే. లిస్ట్ బయటికి పొక్కితే గంటలో ఆ పిల్ల శవమవుతుంది. ఆ పాపం తన నెత్తినే.

"ముఠాలో మన స్రవంతి ఉంది," అంది రత్నం. "దొంగతనం మొదలవగానే నీ చెవిలోకి కాల్ చేస్తుంది."

స్రవంతి సంగతి చెప్పాలి. ఆమె నవ్విందంటే పగవాడు కూడా పాస్‌వర్డ్ చెప్పేస్తాడు. ఒకసారి జెర్సీ సిటీలో ఆమెతో డిన్నర్‌కి వెళ్లి, మన హీరోగారు కూడా సగం చెప్పేసి నాలిక్కరుచుకున్నాడు.

పన్నెండింటికి సాగువారో సర్వర్ రూమ్‌లోకి బొర్రతో, బుంగమీసాలతో ఒక బ్యాటరీ మెకానిక్ వచ్చాడు. చొక్కా మీద కార్లోస్ అని పేరు. చేతిలో మల్టీమీటర్. పది అడుగుల దూరంలో ఎవరు ఏ హెడ్‌సెట్‌లో గుసగుసలాడినా కార్లోస్ చెవిలో వినిపించే మీటర్ అది.

లోపల ఒక్కడే ఉన్నాడు. లోకేష్, సర్వర్ అడ్మిన్. రెజ్యుమేలో ఎనిమిదేళ్ల అనుభవం, నిజానికి నెల రోజులది. మనవాళ్లలో దీనికి జాబ్ సపోర్ట్ అని ముద్దుపేరు. సీటు ఒకరిది, స్క్రీన్ షేర్ చేసుకుని ఎక్కడినుంచో పని చేసే చేతులు ఇంకొకరివి.

"మేడం, పాత బాక్స్ ఆపేసిన. నెట్‌వర్క్ వైర్ గూడ పీకిన. కొత్తది లేచింది, ఇగ మీరే చూస్కోండి," అంటున్నాడు లోకేష్ హెడ్‌సెట్‌లో. "లే, ఎవ్వరు లేరు. బ్యాటరీ మెకానిక్ ఒక్కడున్నడు. వానికి తెలుగు రాదు."

కార్లోస్ బ్యాటరీల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పన్నెండున్నర. పన్నెండూ నలభై. స్రవంతి నుంచి కాల్ లేదు. మనసు కీడు శంకించింది. మల్టీమీటర్ మీట తిప్పాడు.

"లోకేష్, ఇంకో అయిదు నిమిషాలు మౌస్ ముట్టుకోకు నాన్నా. ఫైల్స్ సర్దుతున్నాను."

అది స్రవంతి గొంతు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా మరి. లోకేష్ స్క్రీన్ మీద లిస్ట్ కాపీ అవుతున్న గీత పాకుతోంది, ముప్పై ఎనిమిది శాతం. చివరి ముక్క చేరేదాకా ఆ ఫైలు తెరుచుకోదు. చేరిందంటే జయంతి పని అయిపోయినట్టే.

"లోకేష్, ఆ కనెక్షన్ కట్ చెయ్," అన్నాడు కార్లోస్ అచ్చతెలుగులో.

లోకేష్ నోరు తెరిచాడు. "నీకు తెలుగొస్తదా?"

"పోలీసు భాష కూడా వస్తుంది. కట్ చెయ్."

కీబోర్డ్ మీద టకటకలాడించాడు లోకేష్. "అయితలేదన్నా. నా పాస్‌వర్డే మార్చేసింది. ఫైలు ఫీనిక్స్ నుంచి సీదా ఆమెకే పోతుంది, ఈడ వైర్ పీకినా ఆగదు."

ఫీనిక్స్‌కి ఫోన్ కొడితే, మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ సంగీతం వినిపించింది. కృష్ణమోహన్ రూమంతా కలియజూశాడు. ర్యాక్‌లో పాత పెట్టె చల్లగా పడుకుని ఉంది.

"రెండూ ఒకేసారి ఆన్‌లో ఉంటే ఏమవుతుంది?"

"అస్సలు వద్దన్నరన్నా. పేరు అదే, అడ్రస్ అదే. రెండూ కొట్టుకుని నెట్‌వర్క్‌లోంచి పోతయ్."

"పోనీ," అంటూ కృష్ణమోహన్ వైర్ గుచ్చి బటన్ నొక్కాడు. ఫ్యాన్లు హోరెత్తాయి.

హెడ్‌సెట్ లోకేష్ మెడలో వేలాడుతోంది. "ఎవరక్కడ?" అంది స్రవంతి.

అతను దాన్ని అందుకున్నాడు. "నేనే."

సన్నటి నవ్వు. "కృష్ణా. ఆ ముసలిది లేవాలంటే ఆరు నిమిషాలు. నాకు రెండు చాలు."

నిజమే. పెట్టె తన మెమరీని ఒక్కో మెట్టే లెక్కపెట్టుకుంటోంది. ఇక్కడ స్క్రీన్ మీద గీత డెబ్భై ఒకటి. ఎనభై. జయంతి కళ్లముందు మెదిలింది. కృష్ణమోహన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

"జరుగన్నా," అన్నాడు లోకేష్. వంగి ఒక కీ నొక్కాడు. మెమరీ లెక్క ఆగింది. ఇంకో కీ నొక్కాడు. డిస్క్ చెకింగ్ ఎగిరిపోయింది. "మేడం స్క్రీన్ మీద అన్నీ జేస్తది గని, ఇది హ్యాంగ్ అయినప్పుడల్లా ఈడ కూసొని లేపేది నేనే గదా. నాకొచ్చిన పని ఇదొక్కటే."

తొంభై ఆరు. తొంభై ఎనిమిది. పాత పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఒకే ఒరలో రెండు కత్తులు దూరాయి. తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయింది. స్క్రీన్ ఎర్రబడింది, కనెక్షన్ తెగింది.

మల్టీమీటర్ పట్టుకున్న ఆనవాలుతో, రత్నం మనుషులు జెర్సీ సిటీలో పద్నాలుగో అంతస్తు తలుపు తట్టారు. స్రవంతి నవ్వుతూనే తీసిందట. వచ్చినవాళ్లు ఆమె ముఖం చూడకుండా బేడీలు వేశారు.

ఇరవై నిమిషాల్లో రత్నం సంస్థ ఇంజనీర్లు చొరబాటు శుభ్రం చేసి, పాత పెట్టెను ఆపి, కొత్త మెషిన్‌ను లేపారు. ఒక్కొక్క ఫోనే ప్రాణం పోసుకుంది. పంతొమ్మిదోది జయంతిది. సపోర్ట్ డెస్క్‌కి ఆమె పంపిన మెసేజ్ స్క్రీన్ మీద వెలిగింది.

"ఇరవై నిమిషాలు ఫోన్ చచ్చింది. అప్‌గ్రేడ్ ఉంటే ముందు చెప్పాలని తెలీదా? మీ వల్ల ఏదో ఒకరోజు నా ప్రాణం పోతుంది."

కృష్ణమోహన్ దాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. బుంగమీసం మీదికి జారిన నీళ్లు తుడుచుకుని జవాబు టైప్ చేశాడు.

"అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. మీ ఫిర్యాదు నమోదైంది."