అణచుకున్న దాహం

వంటింట్లో చారుకి పోపు పెడుతుండగా వకుళకి గొంతు పిడచగట్టుకుపోయింది. ఆ దాహం ఆమెది కాదు, పక్కగదిలో కదల్లేక పడుకున్న భర్త ఫణిభూషణ్‌ది. స్టవ్ కట్టేసి వెళ్లి, అతని పొట్టకి అమర్చిన ట్యూబులో నీళ్లు పోసింది. కాసేపటికి ఆమె దాహం తీరింది.

మోటార్ న్యూరాన్ జబ్బు అతని కాళ్లూ చేతులూ మాటా తీసుకుపోయి కనురెప్పలు మాత్రం మిగిల్చింది. ఊపిరాడకపోతే పిలవలేడు. ఆ భయంతో వకుళ కంటినిండా నిద్రపోయి ఏళ్లయింది. అందుకే విశాఖలో డాక్టర్ నజ్మా తయారుచేసిన యంత్రానికి ఒప్పుకుంది. అతని పుర్రె కింద ఒక చిప్, ఆమె మెడకి ఒక బ్యాండ్. అతని మెదడులో పుట్టే దాహం, నొప్పి, ఆయాసం సిగ్నల్స్‌గా వచ్చి ఆమె ఒంట్లో తెలుస్తాయి.

గొంతులో కఫం అడ్డుపడినప్పుడు ఒకసారి ఆ యంత్రమే అతన్ని బతికించింది. తర్వాత సిగ్నల్స్ తగ్గుతూ వచ్చాయి. ఆయన కుదుటపడ్డారనుకుంది వకుళ. ఇబ్బందేమీ తెలియడం లేదు కదా అని నీళ్లు పోయడం, అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టడం కూడా తగ్గించింది. ఆమె ముఖం తేరుకుందని ఆడపడుచు సంతోషించింది.

ఒక ఉదయం ఒళ్లు తుడవడానికి అతన్ని పక్కకి తిప్పింది. నడుము దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. పెదవులు పగిలి ఉన్నాయి. ఆమెకి ఏ నొప్పీ తెలియలేదు.

ఫోన్ చేస్తే నజ్మా వెంటనే వచ్చింది. చిప్‌నీ బ్యాండ్‌నీ పరీక్షించింది.

"యంత్రం చెడలేదు, వకుళగారూ. సిగ్నల్ మీకు అందిందో లేదో చిప్‌కి తెలియాలని బ్యాండ్ నుంచి వెనక్కి ఒక దారి పెట్టాం. ఆ దారిలో మీ అలసట ఆయనకి చేరుతోంది. మీకు శ్రమ ఇవ్వకూడదని దాహం, నొప్పి అన్నీ మీ దాకా రాకుండా ఆయనే అణిచేసుకుంటున్నారు."

వకుళ అతని మీదికి వంగింది. "నిజమేనా అండీ?"

రెప్పలు ఒకసారి వాలాయి. అవునని.

"ఇంకెప్పుడూ అలా చెయ్యనని చెప్పండి."

రెప్పలు కదలలేదు.

ఆ దారి మూసేస్తే యంత్రం పనిచేయదు. యంత్రమే తీసేస్తే ఈసారి ఊపిరాడకపోయినా తెలియదు. నజ్మా ఏమీ తేల్చలేక బ్యాండ్ అలాగే ఉంచి వెళ్లింది.

అప్పటినుంచి వకుళ అలసిపోవడానికే భయపడుతోంది. నడుం లాగేస్తున్నా మంచం పక్కన కూర్చుని ఏదో కూనిరాగం తీస్తూ, మనసుని అటు పోనివ్వదు. ఫణిభూషణ్ రెప్పవేయకుండా ఆమెనే చూస్తుంటాడు.

అతని నుంచి ఏ సిగ్నలూ ఆమెకి రావడం లేదు. అతనికి నిజంగానే ఏ బాధా లేదో, ఆమె అలసట పసిగట్టి మళ్లీ దాచేస్తున్నాడో చెప్పగలిగే యంత్రం ఇంకా ఎవరూ తయారుచేయలేదు.