గుసగుసలు రాని ఇల్లు

కంచరివాళ్ల ఇంట్లో రహస్యం నిలవదు. రాగి మీద సుత్తి మోత మధ్య పుట్టి పెరిగినవాళ్లు కదా, ‘ఉప్పు ఇలా అందుకో’ అన్నా నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో ఆ పొద్దున కొడుకు తన భార్యకు వంటింట్లో ఒక రహస్యం చెప్పాడు, గుసగుసగానే చెబుతున్నాననుకుంటూ.

“పక్క లాడ్జి ఆయనకు మాటిచ్చేశాను. వచ్చే నెలకల్లా కింద కొట్టు ఖాళీ చేసేద్దాం. నాన్నకింకా చెప్పలేదు.”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

మొన్నమొన్నటిదాకా ఆ పేట వైపు కన్నెత్తి చూసిన నాథుడు లేడు. ఇప్పుడు గోడలకు రంగులు పడ్డాయి, మూలమూలకూ దీపాలు వెలిశాయి, పాత ఇళ్లన్నీ లాడ్జీలూ కాఫీ హోటళ్లూ అయ్యాయి. పాతదనం చూడాలని వచ్చినవాళ్లకు పాతకాలపు మోత మాత్రం గిట్టలేదు. తెల్లవారి సుత్తి పడగానే పక్క కిటికీలు టపటపా మూసుకునేవి.

“రోజూ ఎవరో ఒకరు వచ్చి నిద్ర చెడిందంటారు. బతిమాలి పంపలేక చస్తున్నాను,” అన్నాడు భర్త.

“నన్నొక్క మాట అడగొచ్చుగా.”

“అడిగితే ఏమంటావు? ఆ మసిలో నీకు మాత్రం ఏం సుఖం?”

ఆమె సుఖమంతా ఆ మసిలోనే ఉంది. పెళ్లయిన కొత్తలో పొద్దుపోక మామగారి ఎదుట కూర్చుని సామాన్లు అందించేది. అందిస్తూ అందిస్తూ పని నేర్చింది. కొట్టు పోతే తనకంటూ ఇంకేం మిగలదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, కానీ ఇంటి కోడలు అనదగిన మాటేనా అని మింగేసింది.

ఈలోగా ఎదురు కిటికీలోంచి కాఫీ హోటలావిడ కేక వేసింది. “ఏమ్మా, నిజంగానే కొట్టు ఎత్తేస్తున్నారా?”

వీధంతా వినేసింది. విననిది కింద కూర్చున్న మామగారొక్కడే, ఆయన చెవులు ఏనాడో సుత్తికి బలైపోయాయి. ఆ లోటు కూడా హోటలావిడ ఉంచలేదు. గబగబా రోడ్డు దాటి వచ్చి ఆయన చెవి దగ్గర అరిచి మరీ చెప్పింది. పెద్దాయన సుత్తి పట్టుకునే మెట్లెక్కి వచ్చాడు.

“నాకు తెలియకుండా నా కాళ్ల కిందికే నీళ్లు తెచ్చావురా?”

కొడుకు తల దించుకున్నాడు. “నీ తర్వాత ఎవరు కొడతారు నాన్నా? నాకా పని అబ్బలేదు. నేను చేసిన గిన్నె నేల మీద సరిగా నిలబడను కూడా నిలబడదు. తాతల నాటి కొట్టు నా చేతకానితనం వల్ల మూతపడిందంటే నేను తట్టుకోలేను. మోత వద్దన్నారని మూసేస్తే ఆ పాపమేదో వీధి మీదికి పోతుంది కదా.” అంటూనే ఏడ్చేశాడు.

పెద్దాయనకు సగమే వినపడింది. “ఏమంటున్నాడు?” అన్నాడు కోడలి వైపు తిరిగి.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. “ఆయన కొట్టలేరట మామయ్యా,” అని గట్టిగా అరిచింది. “నేను కొడతాను.”

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. “అదా? నా భుజం పైకి లేవడం మానేసి ఎన్నాళ్లయిందనుకున్నావురా? పెద్ద పాత్రలన్నీ అమ్మాయి కొట్టినవే. చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను.”

కొడుకు తెల్లబోయి భార్య వంక చూశాడు.

మెట్ల మీద దగ్గు వినిపించింది. లాడ్జి యజమాని. “నేనూ అంతా విన్నానండీ, గోడ అవతలికి రాకుండా ఉంటుందా? మాట వెనక్కి తీసుకోండి, నేనేం అనుకోను. మా వాళ్లు నిద్రలేచాక, పదింటికి మొదలుపెడితే చాలు.”

“ఏమంటున్నాడు?”

“పదింటి తర్వాత కొట్టుకోమంటున్నారు మామయ్యా.”

“అంతేనా? ఆ ముక్క నాకెవరైనా ముందే చెబితే నేనూ కాసేపు పడుకునేవాణ్ణిగా.”

కొడుకు ఏడుస్తూనే నవ్వాడు. ఇన్నాళ్లూ అందరి తరఫునా తానే కుమిలిపోయాడు తప్ప, తండ్రిని ఒక్క మాట అడగాలని తట్టలేదు.

పది దాటాక ముగ్గురూ కిందికి దిగారు. మామగారు తన పీట పక్కకు వెళ్లి నిలబడి, “కూర్చో” అన్నాడు.

ఎదుట కూర్చోవడమే గానీ ఆ పీట మీద ఆమె ఎన్నడూ కూర్చోలేదు. భర్త వైపు చూసింది. అతను రాగి రేకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని పీట మీద కూర్చుంది.