కర్నూలొస్తే ఎక్కడ తాగాలి?

అద్దంలో రెండు లైట్లు.

దగ్గరకొస్తున్నాయి... ఇంకా దగ్గరకి!

రమ్యశ్రీ స్కూటీ యాక్సిలరేటర్‌ని చివరిదాకా తిప్పుతుంది. డెబ్బై... డెబ్బై రెండు. దాని సత్తా అంతే.

వెనక బొలేరో. హారన్ మీది నుంచి చెయ్యి తీయకుండా తరుముతోంది.

ధడ్!

వెనక మడ్‌గార్డుకి తగిలింది. స్కూటీ అడ్డదిడ్డంగా ఊగుతుంది. హోల్డర్లోని ఫోన్ ఎగిరి రోడ్డు మీద పడింది. మరుక్షణం బొలేరో టైరు కింద నుజ్జయింది.

ఫోన్ కూడా పోయింది!

తమ్ముడు జ్ఞానేశ్వర్‌కి ఇప్పటికి పద్నాలుగుసార్లు చేసింది. రింగవుతోంది... వాడు ఎత్తడు. పదిహేనోసారి చేద్దామంటే ఇక ఫోనే లేదు.

టైమ్ ఏడుంపావు. ఓర్వకల్లు ఇంకా తొమ్మిది కిలోమీటర్లు.

అక్కడ సీమ లాంజ్ అనే బార్‌లో ఎనిమిదింటికి పార్టీ. కడప రాయి కొనడానికి విశాఖ నుంచి విమానంలో దిగిన పన్నెండుమంది వ్యాపారులు. పార్టీ ఇస్తున్నది జ్ఞానేశ్వర్. వాళ్లకి పోయబోతున్నది ఆ బార్ స్పెషల్ కాక్‌టెయిల్, రాయల నన్నారి.

అందులో విషం ఉంది!

అక్కడే పార్టీ పెట్టుకోమని వాడికి చెప్పింది ఎవరు?

తనే.

వాడికే కాదు... ఆరు లక్షలమందికి చెప్పింది! ‘ఊరికో గ్లాసు’ అని ఆమెకో చానల్. ఏ ఊరెళ్తే ఏ కాక్‌టెయిల్ తాగాలి, ఎక్కడ తాగాలి... అదే పని. నాలుగు నెలల కిందట సొంతూరి మీద వీడియో పెట్టింది. ‘కర్నూలొస్తే ఎక్కడ తాగాలి?’

సుగంధి వేళ్లతో చేసిన నన్నారి పాకం, నిమ్మరసం, సోడా, జిన్. గ్లాసు అంచుకి ఉప్పూకారం.

“ఈ ఊరొచ్చి ఇది తాగకపోతే ఊరు చూడనట్టే ఫ్రెండ్స్!” అంది. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, ఆహా అని మరీ అంది.

థూ!

ఆ మూసిన కళ్లు, ఆ ఆహా!

బొలేరో మళ్లీ మీదికొస్తోంది!

ఎడమ పక్కన నల్లగా రాళ్ల గుట్టలు. వాటి మధ్య సన్నటి మట్టిదారి. వీడియో కోసం తిరిగిన దారే. రమ్యశ్రీ ఒక్కసారిగా హ్యాండిల్ తిప్పేస్తుంది.

స్కూటీ కంకర మీద జారుతుంది... పడబోయి నిలబడుతుంది.

బొలేరో కూడా దిగింది!

*

గంట కిందట ఆమె కర్నూలు ఆసుపత్రిలో ఉంది.

వీడియో కింద ఎవరో కామెంట్ పెట్టారు. ‘నీ మాట విని పోయి మా నాయన చావుబతుకుల్లో ఉండాడు.’ కింద ఆసుపత్రి పేరు. రమ్యశ్రీ పరిగెత్తుకెళ్లింది.

వెళ్లేసరికే మనిషి పోయాడు. పేరు పుల్లన్న. ఆదోనిలో రెండు లారీల యజమాని. బుధవారం రాత్రి ఫ్రెండ్స్‌తో సీమ లాంజ్‌కి వెళ్లాడు. పొద్దున కడుపునొప్పి, వాంతులు. సాయంత్రానికి స్ట్రెచర్ మీద తెల్లగుడ్డ.

“మిథనాల్,” అన్నాడు డాక్టర్. “రంగుల ఫ్యాక్టరీల్లో వాడే స్పిరిట్. జిన్ బదులు అదే పోసినట్టున్నారు. నన్నారి వాసనలో తెలీదు. ఇంకో నలుగురు లోపలున్నారు. పోలీసులకి చెప్పాం.”

పుల్లన్న భార్య నాగలక్ష్మమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. రమ్యశ్రీని గుర్తుపట్టి లేచింది.

“ఆ వీడియోలో పిల్లవి నువ్వేనా?”

“అమ్మా... నేను...”

“శానా బాగుండాది అంటివే! ఆహా అంటివే! ఎట్లుండాదమ్మా రుచి? చెప్పు. మా ఆయప్ప పానం తీసిన రుచి ఎట్లుండాదో నాకూ చెప్పు!”

రమ్యశ్రీ రెండడుగులు వెనక్కి వేసింది.

చెప్పడానికి ఆమెకి తెలిస్తే కదా!

ఆమె దాన్ని తాగనేలేదు. ఆ షూటింగ్ పెట్టుకున్నది గురువారం. వాళ్లింట్లో గురువారమంటే రాఘవేంద్రస్వామి దినం. చిన్నప్పటి నుంచీ నెలకోసారి మంత్రాలయం వెళ్లొచ్చే కుటుంబం. గురువారం మాంసం లేదు, మందు లేదు. ఆ నియమం ఆమె తప్పదు. అందుకని బార్‌వాడితో ఉత్త నన్నారి షర్బత్ పోయించుకుంది. దాన్నే తాగి, కాక్‌టెయిల్ అమోఘం అంది.

షర్బత్ తాగి సర్టిఫికెట్ ఇచ్చింది! వ్రతం చెడలేదు... మనిషి పోయాడు.

తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతలోనే ఒక పిచ్చిపని చేసింది. వరండాలోంచి బార్ ఓనర్ శివశంకర్‌కి ఫోన్ చేసింది.

“అన్నా, నీ బార్‌లో తాగినాయప్ప చచ్చిపోయినాడు! అమ్మేది నిలిపెయ్యి!”



“అట్లనా? నిన్న రోంత ఎక్కువ పడినట్టుండాది మేడమ్,” అన్నాడు తీరిగ్గా. “ఈ పొద్దు తగ్గించి కలుపుతాం లే.”

తగ్గించి కలుపుతాడట! కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పాడు!

“ఇంతకీ యాడుండావు మేడమ్?”

చెప్పేసింది. ఆసుపత్రి గేటు దగ్గర, స్కూటీ మీద అని కూడా చెప్పేసింది. అంతకన్నా బుద్ధిలేని పని ఇంకోటుంటుందా? గేటు దాటి మెయిన్ రోడ్డెక్కేసరికి వెనక బొలేరో తగులుకుంది.

*

రెండు బండరాళ్లు. మధ్యలో మనిషి పట్టేంత సందు.

రమ్యశ్రీ మోకాళ్లు దగ్గరకి ముడిచి స్కూటీని అందులోకి తోలేస్తుంది. కుడి మోచేయి రాయికి రాసుకుని చర్మం లేచిపోతుంది.

అవతల పడింది!

వెనక బ్రేకులు కీచుమన్న చప్పుడు... ఆపైన రేకు నలిగిన మోత. బొలేరో ముక్కు సందులో ఇరుక్కుంది.

“యాడికి పోతావే! నీ కథ చూస్తా!” డ్రైవర్ ఓబుళేశు అరుస్తున్నాడు. శివశంకర్ మనిషే. డోర్ తెరుచుకోవడం లేదు.

ఆమె ఆగదు. దూరంగా బార్ లైట్లు కనిపిస్తున్నాయి.

అప్పుడు గుర్తొస్తుంది... ఇవాళ గురువారం!

జ్ఞానా గురువారం ముట్టడు! చుక్క కూడా ముట్టడు!

గుండెలో బరువు దిగిపోయినట్టవుతుంది. వాడికేం కాదు. తమ్ముడికేం కాదు!

మరి ఆ పన్నెండుమంది?

అంతలోనే ఊపిరి ఎలా పీల్చుకుంది తను? ఛీ... నువ్వూ ఒక మనిషివేనా రమ్యా!

*

సీమ లాంజ్ తలుపు తోసుకుని లోపలికి పడుతుంది.

హాలంతా లైట్లు. గోడకి పెద్ద టీవీ. పొడుగు టేబుల్ చుట్టూ పన్నెండుమంది. పన్నెండు గ్లాసులు గాల్లో!

“తాగొద్దు!”

ఎవరూ దించరు. ఆమె ఉరికి మొదటి గ్లాసుని చేత్తో కొడుతుంది. గాజు భళ్లుమంటుంది. నన్నారి తియ్యటి వాసన గుప్పుమంటుంది.

“ఏంటండీ ఇది? ఎవరండీ మీరు?” ఒక పెద్దాయన లేచాడు. చొక్కా నిండా నన్నారి.

మూల కుర్చీలో జ్ఞానేశ్వర్. కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. గొంతు విని తల తిప్పాడు.

“అక్కా? నువ్వేనా?”

“నేనేరా! వాళ్లను తాగనియ్యొద్దు! అది మందు గాదు... విషం!”

కౌంటర్ వెనక నుంచి శివశంకర్ వచ్చాడు. తెల్ల పంచె. తల మీద మంత్రాలయం అక్షింతలు. మొహం నిండా నవ్వు.

“గాబరా పడొద్దండి సార్. ఈయమ్మే మా మందుకు పేరు తెచ్చింది. చూస్తారా?”

రిమోట్ నొక్కాడు. టీవీ నిండా రమ్యశ్రీ మొహం. ‘ఈ ఊరొచ్చి ఇది తాగకపోతే...’

కళ్లు మూసుకుని... ఆహా!

టేబుల్ చుట్టూ నవ్వులు. పెద్దాయన ఇంకో గ్లాసు అందుకున్నాడు.

రమ్యశ్రీ ఆ గ్లాసుని లాక్కుని శివశంకర్ మొహం ముందు పెడుతుంది. “అయితే నువ్వు తాగు! అందరి ముందరా తాగు!”

శివశంకర్ రెండు చేతులూ జోడించాడు.

“గురువారమమ్మా. మా రాఘవేంద్ర రాయరి దినం. నేను ముట్టను.”

వెయిటర్లు తలలాడించారు. ఒకడు చెంపలేసుకున్నాడు. జ్ఞానేశ్వర్ కూడా నొచ్చుకున్నాడు.

“గురువారం నాడు అట్ల బలవంతం చేస్తారా అక్కా? తప్పు గదా!”

చూశారా! నిన్న పోసి ఒకణ్ని చంపాడు. ఇవాళ పన్నెండుమందికి పోశాడు. కానీ గురువారం మందు ముట్టడు! అంతమందీ అది న్యాయమే అంటున్నారు!

పెద్దాయన మరో గ్లాసు అందుకున్నాడు, పెదవుల దాకా వెళ్లింది.

రమ్యశ్రీ కుర్చీ ఎక్కుతుంది.

“సార్! ఆ వీడియో అబద్ధం! నేను దాన్ని తాగనేలేదు! ఆ రోజూ గురువారమే! గ్లాసులో ఉన్నది ఉత్త షర్బత్! రుచి తెలీకుండా బాగుందని చెప్పాను! నా మాట నమ్మి వెళ్లిన మనిషి శవాన్ని ఇప్పుడే చూసొచ్చాను!”

నవ్వులు ఆగిపోయాయి.

పెద్దాయన గ్లాసు దించాడు. పక్కవాడు దించాడు. ఒకటి... మూడు... తొమ్మిది...

అన్నీ దిగాయి!

శివశంకర్ కుర్చీ దగ్గరకొచ్చి, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు.

“నువ్వూ ముట్టలేదు, నేనూ ముట్టలేదు. మనమిద్దరం శుభ్రంగానే ఉండాం గదా పాపా? యాల అరుస్తాండావు?”

ఒళ్లంతా తేళ్లు పాకినట్టు ఉంటుంది ఆమెకి. వాడు కలిపాడు, తను అమ్మిపెట్టింది. ఇద్దరూ పుణ్యాత్ములే!

అంతలో బయట సైరన్!

శివశంకర్ మొహంలో నవ్వు పోయింది. చెయ్యి పంచె నడుము దగ్గరికి వెళ్లింది. పిస్తోలు!

“కింద పడుకోండి!” రమ్యశ్రీ అరుస్తుంది.

ఢాం!

రమ్యశ్రీ కుర్చీతో సహా దొర్లింది. తూటా తలమీదుగా వెళ్లి టీవీని చీల్చింది. ఇంకోసారి కాల్చేలోపు పెద్దాయన బరువైన చెక్క కుర్చీ ఎత్తి వాడి వీపు మీద వేశాడు. తలుపులు బద్దలయ్యాయి. ముగ్గురు పోలీసులు మీద పడి చేతులు విరిచి కట్టారు.

“గురువారం నాడు చెప్పులతో తొక్కుతాండారు, మీకు పాపం తగులుతాది!” వాడు అరుస్తూనే ఉన్నాడు.

థూ!

రమ్యశ్రీ లేస్తుంది. ఒక్కొక్కరినీ పట్టుకుని అడుగుతుంది. మీరు తాగారా? లేదమ్మా. మీరు? లేదండీ. మీరు? పెదవి కూడా తడపలేదు.

పన్నెండుమందీ క్షేమం!

వెళ్లి తమ్ముడి పక్కన కూలబడుతుంది. వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చేస్తుంది.

“నన్ను క్షమించురా. రుచి కూడా చూడకుండా చెప్పినా. నీ వ్యాపారం పాడు చేసినా.”

“పోనీలే అక్కా. నువ్వు చూడకపోతే ఏం, నేను చూసినా గదా.”

ఆమె చెయ్యి బిగుసుకుంటుంది.

“ఏం చూసినావు?”

“రుచి. చుట్టాల మాదిరి వచ్చినోళ్లు... నేను చూడకుండా వాళ్లకెట్ల పోపిస్తా? ఈ పొద్దు గురువారం, ముట్టకూడదు. అందుకే నిన్న రాత్రే వచ్చి రెండు గ్లాసులు తాగి, బాగుండాదని ఆర్డర్ ఇచ్చి పోయినా.”

బుధవారం రాత్రి!

“జ్ఞానా... లెయ్. లెయ్‌రా! ఆసుపత్రికి పోదాం!”

“ఉండు అక్కా. పొద్దున్నుంచి తలకాయ నొప్పి. ఫోన్ కూడా మసకమసగ్గా ఉండాది, ఎవరు చేస్తాండారో తెలీలా.” వాడు చేతులు చాచి గాల్లో తడుముకుంటున్నాడు. “ఇప్పుడు ఈ కాల్పుల్లో కరెంటు కూడా పాయె. జనరేటర్ వెయ్యమను అక్కా, దారి కనపడల్లా గదా?”

రమ్యశ్రీ తలెత్తి చూస్తుంది.

హాల్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి!