మధురానగర్‌లో ఒక సెమిస్టర్

బోరబండ రోడ్డు మీద లారీ తనను గుద్దేసి వెళ్ళిపోయాక ఐలయ్య, ఆస్పత్రికి చేరేలోగా ఒకే ఒక్క మాట పదేపదే అన్నాడు.

"ఇరానీ చాయ్ యాడ మంచిగుంటది?"

పక్కన కూర్చున్న కానిస్టేబుల్ అది పలవరింత అనుకున్నాడు. కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ రాజనర్సయ్య మాత్రం అలా అనుకోలేదు. ఐలయ్య ఒక రక్షణ ప్రయోగశాలలో డ్రాఫ్ట్స్‌మన్. కొత్త రాడార్ డ్రాయింగులు అతని చేతుల మీదుగానే మైక్రోఫిల్మ్‌గా మారి ఒక విదేశీ ముఠాకు చేరాయి. పని అయిపోయాక ముఠా అతన్ని వదిలించుకుంది.

"అది కోడ్, వహీదా," అన్నాడు రాజనర్సయ్య. పంజగుట్టలో ఒక టైలరింగ్ షాపు పైన ఉంది వాళ్ళ ఆఫీసు. కింద కుట్టుమిషన్ల చప్పుడులో పైన ఎవరేం మాట్లాడినా బయటికి వినపడదు. "ప్రశ్న దొరికింది. జవాబెవనికి తెలుసో వాడు ముఠా మనిషి. మనకైతే తెల్వది."

వహీదా తల ఊపింది. ఆమె కౌంటర్ ఇంటెలిజెన్స్ ఏజెంట్. ఇరుగుపొరుగుకే కాదు, ఖాలా అని పిలుచుకునే, తనను పెంచిన పిన్నికి కూడా ఆమె టెలిఫోన్స్‌లో క్లర్కు.

"ఫిల్మ్ ఇంకా సిటీ దాటలే. దాన్ని మోస్కపోయే కొరియర్ వస్తున్నది. ఆస్ట్రియా పిల్ల, పేరు మార్తా. ఇక్కడ ఒక సెమిస్టర్ చదువుతదట. దక్కనీ జోలపాటల మీద."

"ఎవరు చెప్పిండ్రు సార్?"

"వసుమతి."

వసుమతి గురించి ఆఫీసులో అందరికీ తెలుసు. విదేశీ విద్యార్థుల బాగోగులు చూసే ఒక సంస్థలో కోఆర్డినేటర్. షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, ఆమె వెళ్ళిపోయాక కూడా గదిలో మిగిలే సెంటు వాసన. ముఠా తనకు వల వేసిందని తనంతట తానే వచ్చి చెప్పింది. అప్పట్నుంచి వాళ్ళతో తిరుగుతూ వీళ్ళకు కబుర్లు చేరవేస్తోంది. డబుల్ ఏజెంట్.

"పిల్లకు గది కావాలె. మీ ఖాలా ఇంట్ల పైగది ఖాళీగున్నది గద?"

"ఖాలాకు ఏం తెల్వది సార్."

"తెల్వొద్దు గూడ."

* * *

1986 జూలైలో, వాన కురుస్తుండగా మార్తా బేగంపేట ఎయిర్‌పోర్టులో దిగింది. వీపు మీద పెద్ద సంచి, చేతిలో టేప్‌రికార్డర్.

"మిమ్ములను చూచుట నాకు మిక్కిలి సంతోషముగా ఉన్నది," అంది ఆటో ఎక్కుతూ, తనను తీసుకెళ్ళడానికి వచ్చిన వహీదాతో. ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి మరీ చూశాడు.

మధురానగర్‌లో తన ఖాలా ఇక్బాల్ బేగం ఇంటి పైగదిలో ఆమెను దింపింది వహీదా. అమీర్‌పేట చౌరస్తాలో బకెట్, మగ్గు, దోమతెర కొనిపెట్టింది. తెల్లారకముందే వచ్చి పోయే నల్లా నీళ్ళు ఎలా పట్టుకోవాలో, కిరసనాయిలు స్టవ్ ఎలా వెలిగించాలో నేర్పింది. మొదటి వారం కడుపు చెడి మార్తా మంచం దిగలేదు. ఇక్బాల్ బేగం పక్కనే కూర్చుని మెత్తటి ఖిచిడీ తినిపించింది. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆ పిల్ల కూడా ఆమెను ఖాలా అనీ, అక్కను పిలిచినట్టు వహీదాను ఆపా అనీ పిలవసాగింది.

వహీదా ఒక టేబుల్ ల్యాంప్ బహుమతిగా ఇచ్చింది. మార్తా మురిసిపోయి ఆమెను కావలించుకుంది. ల్యాంప్ అడుగున మైక్రోఫోన్ ఉంది. దాని రిసీవర్, రికార్డర్ కింద వహీదా గదిలో, ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

రోజూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింది వహీదా. మార్తా 'ళ' పలకడానికి పడే తంటాలు. దోమల్ని కొట్టిన చప్పుళ్ళు. క్యాసెట్‌లో ఖాలా గొంతు పాడే జోలపాటలు. రాజనర్సయ్య ఆ జోలపాటల్ని సైఫర్ సెక్షన్‌కు పంపాడు. వాటిలో కోడ్ ఏమీ లేదనీ, విన్నవాళ్ళకు నిద్ర మాత్రం వచ్చిందనీ జవాబు వచ్చింది.

రోజురోజుకీ వహీదాకు అన్నం సయించకుండా పోయింది. తింటుంటే ఎదురుగా మార్తా కూర్చుని "ఆపా, ఇంకొంచెం వేసుకో" అనేది. కూరగిన్నె అందుకోవడానికి చెయ్యి చాపాలన్నా సిగ్గేసేది.

ఒక మధ్యాహ్నం ఇయర్‌ఫోన్‌లో ఏడుపు వినపడింది. ఆ రోజు మార్తా పుట్టినరోజు. ఈ ఊళ్ళో అది తెలిసినవాళ్ళు లేరు. తనకు తానే తన భాషలో పుట్టినరోజు పాట సగం పాడుకుని ఏడ్చింది. మెట్లెక్కి వెళ్ళి దగ్గరికి తీసుకోవాలనిపించింది వహీదాకు. కానీ ఏడుస్తోందని తనకెలా తెలుసని చెప్పాలి? ఓదార్చే హక్కు కూడా దొంగిలించినదే అవుతుంది. రికార్డర్ ఆపేసి, చెప్పులు వేసుకుని శ్రీనగర్ కాలనీ దాకా ఊరికే నడిచి వచ్చింది.

* * *

సెలవుల్లో మార్తా ఢిల్లీ ప్రయాణం కట్టింది. అక్కడికి వస్తున్న తన ప్రొఫెసర్‌కు క్యాసెట్లు ఇచ్చి రావాలి. ఆ వార్త కంటే ముందే వసుమతి కబురు రాజనర్సయ్యకు చేరింది: ఫిల్మ్ జోలపాటల క్యాసెట్‌లో ఉంది. బోర్డింగ్ సమయంలో పట్టుకోండి.

ప్రయాణం రోజు పొద్దున వసుమతి కారులో వచ్చి మార్తాను తీసుకెళ్ళింది. వహీదా బయల్దేరుతుంటే ఇక్బాల్ బేగం బియ్యం ఏరుతూ అంది:

"గా మేడం మనసు మంచిది కాదు బేటీ. మొన్న పిల్ల ఏడ్చి ఏడ్చి కిందికొచ్చి నా ఒళ్ళె పండుకున్నది. గా మేడం గప్పుడే వచ్చింది. పిల్లను లేపొద్దని, పైన గొడుగు మర్చిపోయిన్నని పోయింది. మస్తుసేపు క్యాసెట్ల డబ్బాలు తెరుస్తున్న చప్పుడు."

"గొడుగు దొరికిందా ఖాలా?"

"ఖాళీ చేతులతోటే దిగింది."

వహీదా గడప దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు తాను ఆపేసిన రికార్డర్ తిరుగుతూ ఉంటే ఆ చప్పుడంతా టేపు మీద ఉండేది.

ఎయిర్‌పోర్టు బయట కారులో రాజనర్సయ్య అంతా విని, "టేప్ ఏది?" అన్నాడు.

"లేదు సార్. ఆ రోజు నేనే బంద్ చేసిన."

"ఎందుకు?"

"ఇనలేకపోయిన."

ఆయన కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించాడు. వహీదా గబగబా చెప్పింది. "క్యాసెట్ల పెట్టింది పనికిరాని ఫిల్మ్ అయుంటది సార్. మనం అందరం మార్తా మీద పడంగనే అసలు ఫిల్మ్ ఇంకో చేతిలకు పోతది. వసుమతిని ఒక్క ప్రశ్న అడగనియ్యండి."

"ఆమె తెల్లమొహం వేస్తే?"

"మార్తాను నేనే అరెస్టు చేస్త."

"బోర్డింగ్ పిలిచేదాంక టైమిస్తున్న," అన్నాడాయన.

వహీదా బురఖా వేసుకుని, లోపల వాకీటాకీ బటన్ నొక్కి పట్టుకుని లాంజ్‌లోకి నడిచింది. మార్తా క్యూలో నిలబడి ఉంది. వెనక కూర్చున్న మఫ్టీ ఆఫీసర్లు లేచారు. వసుమతి ఒక్కతే కుర్చీలో కూర్చుని జనంలో ఎవరినో వెతుకుతోంది.

స్పీకర్‌లో ఢిల్లీ ఫ్లైట్ బోర్డింగ్ అనౌన్స్‌మెంట్ మొదలైంది. వహీదా వెళ్ళి వసుమతి పక్కన కూర్చుంది.

"ఇరానీ చాయ్ యాడ మంచిగుంటది?"

వసుమతి చూపు తిప్పలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి అద్దంలో పెదాలు చూసుకుంది.

"బిస్కెట్ లేకుండా ఎక్కడైనా బాగుంటుందండీ."

ఒక లిప్‌స్టిక్ గొట్టం వహీదా అరచేతిలోకి జారింది. అక్కడ క్యూలో, మార్తా భుజానికి బెత్తెడు దూరంలో ఒక ఆఫీసర్ చెయ్యి గాల్లోనే ఆగింది. చెవిలోని వైరులో రాజనర్సయ్య గొంతు విని అతను దారి మళ్ళాడు.

వహీదా ముసుగు పైకెత్తింది. వసుమతి చేతి ఉంగరంలోంచి సన్నటి సూది బయటికొచ్చింది. అది తగలకముందే వహీదా ఆ మణికట్టు మెలితిప్పింది.

"ఏంటి వహీదా గారూ," అంది వసుమతి నొప్పిని నవ్వుతో మింగుతూ. "మీరు సెంటిమెంటు మనిషని మావాళ్ళకు రిపోర్టు చేశాను. నిజమే అయింది."

దూరంగా, ఆ లిప్‌స్టిక్ అందుకోవాల్సిన సఫారీ సూట్ మనిషి పేపరు మడిచి తలుపు వైపు నడిచాడు. తలుపవతల పోలీసులున్నారు. లిప్‌స్టిక్ అడుగున రాడార్ డ్రాయింగులు దొరికాయి. మార్తా క్యాసెట్‌లో దొరికిన ఫిల్మ్‌లో ఏదో పాత పంపుసెట్టు బొమ్మలున్నాయి.

* * *

మార్తాకు విమానం తప్పిపోయింది. వహీదా అన్నీ చెప్పేసింది, ల్యాంప్ సంగతితో సహా.

"నేను ఏడ్చిన రోజు కూడా విన్నావా?"

"మొదట కొంచెం. తర్వాత బంద్ చేసిన."

"పైకి ఎందుకు రాలేదు?"

మార్తా తన సంచి తానే మోసుకుంటూ ఆటో ఎక్కింది. పక్కన చోటున్నా రమ్మనలేదు.

ఇంట్లో ఇక్బాల్ బేగం రొట్టెలు చేస్తూ అంతా వింది. కేకలు వేయలేదు.

"పిల్ల చదువయ్యేదాంక ఈడనే ఉంటది. ఇంటికొచ్చిన మెహమాన్," అంది పెనం మీద రొట్టె తిప్పుతూ. "నువ్వే యాడన్న జూస్కో బేటీ. ఇంట్ల దాపరికం ఉంటే నాకు నిద్ర రాదు."

రాజనర్సయ్య ఫోన్ చేసి ఢిల్లీ నుంచి అభినందనలు వచ్చాయన్నాడు. వహీదా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రమే రెండు వీధుల అవతల ఆడపిల్లల హాస్టల్‌లో చేరింది. వార్డెన్ స్వరాజ్యం గది తాళం తీస్తూ, కొత్తవాళ్ళందరికీ చెప్పేదే ఈమెకూ చెప్పింది.

"ఏం చేసినా ఫికర్ లేదు. ఒక్కటే రూల్. పక్కగదుల చెవులు పెట్టుడు, ఈడి మాటలు ఆడ చెప్పుడు నా హాస్టల్ల నడ్వది."

"ఆ పని వదిలేద్దామనే వచ్చిన అక్కా," అంది వహీదా.